పులుపు లేని వంకాయ

మా ఊళ్ళో ఒక ఆడమనిషిని ఆమె ఊరగాయ సీసాల గురించి అడగకూడదు. ఎప్పుడు పెట్టావు, వెనిగర్ ఎంత పోశావు, మూత గట్టిగా బిగించావా అని అడగడమంటే, నువ్వు ఒళ్ళు రుద్దుకుని ఎన్నాళ్ళయిందని నలుగురిలో నిలదీసినట్టే. ఆమె సీసా తెచ్చి బల్ల మీద పెడుతుంది. తింటాం. బాగుందంటాం. అక్కడితో సరి. నేనూ ఆ మర్యాద పాటించినదాన్నే. ఆ వేసవిలో తొమ్మిదిమంది పరాయి దేశస్థుల ప్రాణాల మీదికి తెచ్చింది ఆ మర్యాదే.

ఆ జూన్‌లో మా ఆడపడుచు తెక్లా గైడు లైసెన్సు తెచ్చుకుని టూరిస్టులను తిప్పడం మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. పొద్దున్నే పెద్ద చర్చిలో అద్దాల వెనక పేర్చిన, పూర్వం మతం కోసం చనిపోయినవాళ్ళ పుర్రెలు చూపించేది. తర్వాత నేల కింద తొలిచిన పాత ఆలివ్ గానుగ. ఒంటిగంటకు మా పెరట్లో అంజూర చెట్టు కింద భోజనం. భోజనాలయ్యాక మా ఆయన ఒరోన్సో తన పడవలో వాళ్ళను సముద్రపు గుహలకు తీసుకెళ్ళేవాడు. ఆరింటికి రేవు దగ్గర బస్సెక్కించి చేతులూపితే ఆ రోజు ముగిసినట్టు.

వంట మా అత్తగారిది. పేరు కొన్సీలియా, వయసు డెబ్భై ఆరు. తరగడం, కడగడం, మోయడం నావి. టూరిస్టులు వచ్చే రోజున ఆవిడ నల్లగౌను తొడుక్కుని, చెవులకు బంగారు పోగులు పెట్టుకుని, గరిటె పట్టుకుని రాణిలా నిలబడేది. వాళ్ళు ఫోటోలు తీస్తుంటే, "తీసుకోండి నాయనా, ఇంట్లో మీ అమ్మకు చూపించి బుద్ధి చెప్పండి" అనేది. తెక్లా దాన్ని మరోలా మార్చి చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు.

జూన్ చివర్లో ఒకరోజు చిక్కుడుగింజల ముద్దలో ఆవిడ ఉప్పు రెండుసార్లు వేసింది. ఇంకో రోజు తెక్లాను పట్టుకుని, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. నేను ఒరోన్సోతో అన్నాను.

"ఎండ మండిపోతోంది, మనిషి అలిసిపోదూ?" అన్నాడు. "ఆ వయసుకు నీ పేరు నీకు గుర్తుంటే చూద్దాంలే."

సరేలే అని నేనూ ఊరుకున్నాను.

జూలై మూడో శుక్రవారం డెన్మార్క్ వాళ్ళు వచ్చారు. తొమ్మిదిమంది, అందరూ అరవై దాటినవాళ్ళే. వాళ్ళ ఊరి చర్చిలో కలిసి పాడేవాళ్ళట. ఆ రోజు ఆఫ్రికా వైపు నుంచి వేడిగాలి తోలుతోంది. ఆకు కూడా జిగటగా ఉంది. ముందుగా నూనెలో నిలవ చేసిన వంకాయ పెట్టాం, పక్కన ఎండు రొట్టె. వంకాయల్లో అదే మొదటి సీసా. అంతవరకూ మిరపకాయలు, పుట్టగొడుగులతో నెట్టుకొచ్చాం.

కిర్‌స్టెన్ అని ఒక పొడవాటి తెల్లజుట్టు ఆవిడ. గడ్డం మీదికి నూనె కారుతున్నా పట్టించుకోకుండా తింటోంది. తింటూ తెక్లాతో ఏదో చెప్పింది. తెక్లా మురిసిపోయి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఈవిడ ఏమంటోందో విను. వారం నుంచీ ఈ తీరమంతా తిరుగుతున్నారట. ప్రతి ఇంట్లోనూ వంకాయ పెట్టారట. వెనిగర్ పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయట. నీది ఒక్కటే తియ్యగా, వెన్నలా ఉందట. గుట్టేమిటి అంటోంది."

"గుట్టు చెప్పేస్తే ఇక గుట్టేముంది?" అంది అత్తయ్య, పోగులు సర్దుకుంటూ. "ఇంకో సీసా తెమ్మను ఆ పిల్లని."

ఆ పిల్లంటే నేనే. నలభై ఏడేళ్ళ పిల్లని. వెళ్ళి తెచ్చాను. మూత రాకపోతే గౌను అంచుతో పట్టి తిప్పి, నా చేతులతోనే తీసి, నా చేతులతోనే వడ్డించాను. తెక్లా కూడా వాళ్ళ పక్కన కూచుని రొట్టెతో నూనె అద్దుకుని తింది.

రెండున్నరకు అందరూ రేవుకు వెళ్ళారు. అత్తయ్య కుర్చీలో నడుం వాల్చింది. నేను పళ్ళాలు కడగబోతూ ఒక దాంట్లో మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నాను.

ఆ ముక్క మెత్తగా ఉంది. వెల్లుల్లి ఉంది, పుదీనా ఉంది. పులుపు లేదు.

ఇంకో ముక్క తిన్నాను. నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూశాను. లేదు. కాస్త కూడా లేదు.

కొళాయి కట్టేశాను. మా వీధి చివర ఫిలొమేనా మొగుడు గుర్తొచ్చాడు. పన్నెండేళ్ళ కింద ఒక పొద్దున అతని కనురెప్పలు పైకి లేవలేదు. మాట ముద్దగా వస్తోంది. ఒకటి రెండుగా కనిపిస్తోందన్నాడు. తెల్లారకముందే తాగొచ్చాడని పెళ్ళాం తిట్టి పడుకోబెట్టింది. మధ్యాహ్నానికి మింగలేకపోయాడు. సాయంత్రానికి ఊపిరి తీసుకోలేకపోయాడు. వెనిగర్‌లో ఉడకని కూరగాయ నూనె కింద నెలల తరబడి గాలి తగలకుండా ఉంటే అందులో ఒక విషం పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మా దగ్గర ఆడపిల్లకు జడ వేసుకోవడం కంటే ముందు నేర్పేది ఆ వెనిగరే.

పెరట్లోకి వెళ్ళాను. ఎలా అడగాలో తెలీక కుర్చీ పక్కన నేల మీద కూచున్నాను.

"అత్తయ్యా, పోయిన సెప్టెంబరులో వంకాయ మీరొక్కరే పెట్టారు కదా. నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు."

"ఒక్కదాన్నే. నువ్వు లేవు కాబట్టి హాయిగా పెట్టాను."

"వెనిగర్‌లో ఉడికించారా?"

ఆవిడ కళ్ళు తెరిచింది. ఆ చూపు నా పెళ్ళైన కొత్తలో, సాస్‌లో చక్కెర వేసినప్పుడు చూశాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ పెడుతున్నానే నేను. నన్నా అడుగుతున్నావ్?"

"నేర్చుకుందామని."

"అదీ, అలా అడుగు." కాస్త మెత్తబడి, వేళ్ళు మడుస్తూ చెప్పింది. "చెక్కు తియ్యి. నిలువుగా కొయ్యి. ఉప్పు పట్టించి రాయి పెట్టు, రాత్రంతా నల్లనీళ్ళు దిగుతాయి. పొద్దున పిండు. నీళ్ళు మరిగించి ఒక పొంగు రానియ్యి. గుడ్డ మీద ఎండలో ఆరెయ్యి. వెల్లుల్లి, పుదీనా, నూనె. మూత."

"నీళ్ళేనా? వెనిగర్ వద్దా?"

"వెనిగర్ మిరపకాయలకే పిచ్చిదానా. వంకాయలో ఎవరైనా వెనిగర్ పోస్తారా?"

ఎంత ధీమాగా చెప్పిందంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, ఇన్నేళ్ళూ నేనే తప్పు తెలుసుకున్నానేమోనని.

"అత్తయ్యా, అది ప్రమాదం. ఫిలొమేనా మొగుడు..."

"ఓహో, నా వంట ప్రమాదమా!" లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను లేచి వెళ్ళేలోపు సీసా అడుగున మిగిలిన నూనెలో రొట్టె ముంచి, నా కళ్ళలోకి చూస్తూ నమిలి మింగింది. "ఇదిగో చూడు. చచ్చానా?"

ఒరోన్సోకి ఫోన్ చేశాను. గుహల్లో సిగ్నలుండదు. తెక్లాది కూడా మోగలేదు. పక్కింటి పెద్దావిడను అత్తయ్య దగ్గర కూచోబెట్టి, ఖాళీ సీసా సంచిలో వేసుకుని రేవుకు పరుగెత్తాను.

రేవులో మనిషి లేడు. పట్టపగలు, నిప్పులు చెరిగే ఎండ. వలలు ఆరేసి ఉన్నాయి. నీళ్ళవతల కొండరాయిలో గుహనోరు నల్లగా కనిపిస్తోంది. ఒరోన్సో పడవ లోపలే ఉంది. అందులోంచి పాట వస్తోంది. ఆ తొమ్మిదిమందీ పాడుతున్నారు. రాతిగోడలకు తగిలి ఒకటికి నాలుగై వస్తోంది గొంతు. నేను చెవులు రిక్కించి, ఏ గొంతైనా తడబడుతోందేమోనని ఒక్కొక్కటే విడదీసి విన్నాను. విషమెక్కడానికి రోజైనా పడుతుందని తెలుసు. తెలిసినా వింటూనే ఉన్నాను. పాట ఆగింది. ఇంత మౌనం ఎందుకని నీళ్ళ అంచు దాకా వెళ్ళాను. వాళ్ళు నవ్వారు. ఊపిరి పీల్చుకున్నాను.

అయిదుంబావుకి పడవ రేవుకు చేరింది. వాళ్ళు దిగి బట్టలు పిండుకుంటుంటే, మొగుణ్ణీ ఆడపడుచునీ వల గుట్ట వెనక్కి లాక్కెళ్ళి చెప్పాను.

ఒరోన్సో ముఖం బూడిదైపోయింది. "అమ్మ అలా చెయ్యదు" అన్నాడు.

"తనే చెప్పింది. ముక్క నేనూ తిన్నాను. పులుపు లేదు."

"నేనూ తిన్నాగా వదినా" అంది తెక్లా. "చూడు, ఎలా ఉన్నానో. రాయిలా ఉన్నాను."

"ఇప్పుడు ఉంటావు. రేపటి సంగతి చెప్పు."

"రేపు ఏమీ కాదు! ప్రతి సీసాలోనూ పుడుతుందా విషం? ఎక్కడో వెయ్యింటిలో ఒకటి. ఇది చెప్పామంటే నా లైసెన్సు, అమ్మ పరువు, మొత్తం మట్టిలో కలిసిపోతాయి. రేపు పొద్దునకల్లా ఊరంతా పాకుతుంది, కొన్సీలియా అతిథులకు విషం పెట్టిందని."

"ఒక రోజు చూద్దామే" అన్నాడు ఒరోన్సో మెల్లగా. "ఎవరికైనా తేడా చేస్తే అప్పుడు..."

"రేపు వాళ్ళ విమానం. ఆ చలిదేశంలో ఎవరికైనా రెప్ప వాలితే అక్కడి డాక్టరుకి మన వంకాయ సంగతి ఏం తెలుస్తుంది? తాగాడనుకుంటాడు. పక్షవాతమనుకుంటాడు. అతను ఊహించేలోపు ఊపిరి ఆగిపోతుంది."

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

"చెప్పు తెక్లా. నాకు వాళ్ళ భాష రాదు. నువ్వే చెప్పాలి."

తెక్లా పెదవి కొరుక్కుంటూ వాళ్ళ దగ్గరికి నడిచింది. నేను పక్కనే నిలబడ్డాను. ఏదో చెప్పింది, కాస్త పొడవుగానే. వాళ్ళు విన్నారు. విని నవ్వారు. కిర్‌స్టెన్ నా భుజం తట్టింది. ఇంకొకావిడ చేయి గుండెల మీద పెట్టుకుని వంగింది.

చావు కబురు విని నవ్వే మనుషులు ఎక్కడా ఉండరు. తెక్లా నా వైపు చూడకుండా నేలకేసి చూస్తోంది.

బస్సు తలుపు తెరుచుకుంది. మొదటి ఇద్దరూ ఎక్కారు. నేను వెళ్ళి మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. సంచిలోంచి సీసా తీసి పైకెత్తాను. నా నోరు చూపించాను, వాళ్ళ నోళ్ళు చూపించాను. రెండు వేళ్ళతో నా కనురెప్పలు కిందికి లాగి పట్టుకున్నాను. మెడ పట్టుకుని ఊపిరాడనట్టు చేశాను. వాళ్ళు బిక్కమొహం వేశారు. ఎవరో ఫోన్ తీసి ఫోటో తియ్యబోయారు, ఇదీ ఏదో మా ఊరి ఆట అనుకుని కాబోలు.

"బోటులినో" అన్నాను. "బోటులినో. బోటులినో."

కిర్‌స్టెన్ మొగుడు ఓగె అనే బక్కపలచటి ముసలాయన బస్సు కిటికీలోంచి వింటున్నాడు. ఆయన ముఖంలో నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. అదే మాటను వాళ్ళ యాసలో మెల్లగా తిరిగి అన్నాడు. ఆ జబ్బు పేరు ఏ దేశంలోనైనా ఒకటేనట. ఒకరి నుంచి ఒకరికి ఆ మాట పాకింది. ఫోన్ తీసినావిడ చేయి దించేసింది. కిర్‌స్టెన్ తెక్లా వైపు తిరిగి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. తెక్లా ఏడుస్తూ తలూపింది.

బస్సు వాళ్ళ హోటల్ వైపు కాకుండా పట్నంలోని పెద్దాసుపత్రికి తిరిగింది. ఒరోన్సో అత్తయ్యను తీసుకొచ్చాడు. మొత్తం పన్నెండు మందిమి, రెండు హాళ్ళలో.

అక్కడ మూడు రోజులు మా పని ఒకటే, ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోవడం. నర్సు గంటగంటకీ వచ్చి, పైకి చూడు, కిందికి చూడు, మింగు, ఈలవెయ్యి అనేది. మంచినీళ్ళు మింగేటప్పుడు గొంతులో ఎక్కడైనా అడ్డం పడుతుందేమోనని గుటక గుటకకీ దేవుణ్ణి తలుచుకున్నాను. నిద్రకు రెప్ప బరువెక్కినా భయమే. రెండో రోజు మధ్యాహ్నం ఓగె పేపరు చదువుతూ గట్టిగా ఏదో అన్నాడు. హాలు హాలంతా శిలలైపోయారు. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయట. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. కిర్‌స్టెన్ మాత్రం మొగుడి ముఖం వైపు చూసి, చటుక్కున అతని కళ్ళజోడు లాగేసింది. అది ఆమెది. ఆయనది దిండు కింద ఉంది. అదే పేపరుతో ఆయన్ను నాలుగు బాది, ఆ తర్వాత ఆయన ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తయ్య నా పక్క మంచం. ఆవిడకు ఇదంతా అవమానం. "ఒళ్ళు రాయిలా ఉన్నదాన్ని తెచ్చి పడుకోబెట్టారు, ఈ పిల్ల పిరికితనం వల్ల" అని వచ్చిన ప్రతి నర్సుకీ చెప్పేది. మొదటి సాయంత్రం ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చి లైటు వేసి రెప్పలు చూసింది. మాట తేడాగా ఉందేమోనని ఏవో అడుగుతోంది.

"మీ పేరేమిటమ్మా?"

"కొన్సీలియా. నీ పేరు?"

డాక్టరమ్మ నవ్వింది. "ఇది ఏ నెల?"

"ద్రాక్ష కోతలు కదా. సెప్టెంబరు."

కిటికీలోంచి జూలై ఎండ ఆవిడ దుప్పటి మీద పడుతోంది.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను, మా ఆయన, పిల్లలిద్దరు. చిన్నదానికి ఇంకా పళ్ళూడుతున్నాయి." తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ ఒరోన్సోను చూపించింది. "ఆ అబ్బాయి ఎవరో చాలాసేపటి నుంచి నిలబడ్డాడు. కుర్చీ వెయ్యండమ్మా."

డాక్టరమ్మ రాసుకుంటున్న పెన్ను ఆగింది. నా వైపు తిరిగి మెల్లగా, "ఇది వంకాయ వల్ల కాదు" అంది.

ఒరోన్సో కుర్చీలో కూచున్నాడు. మా ఆయన ఎక్కడని తల్లి అడిగితే, చేపల వేటకెళ్ళాడని చెప్పాడు. సముద్రం నెమ్మదిగానే ఉందన్నాడు. మామగారు పోయి పదకొండేళ్ళు.

నాలుగో రోజు అందరినీ పంపించేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. బయటికెళ్ళేటప్పుడు కిర్‌స్టెన్ నా ముందు ఆగింది. కోపం లేదు, నవ్వూ లేదు. నా రెండు చేతులూ పట్టుకుని, నా కళ్ళలోకి చాలాసేపు చూసింది. ఆ మూడు రోజుల అలవాటు ఇంకా పోలేదేమో. అలా చూసి వెళ్ళిపోయింది. తెక్లా నాతో నెలరోజులు మాట్లాడలేదు.

ఆరోగ్య శాఖ వాళ్ళు వంకాయ సీసాలన్నీ పట్టుకెళ్ళి పరీక్షించారు. మేం తిన్న రెండింటిలో ఏమీ లేదు. అలమరలో మిగిలిన పదమూడింటిలో రెండింటిలో ఉంది. అందులో ఒకటి, మంగళవారం వచ్చేవాళ్ళకని నేను ముందు వరసలో పెట్టినది. ఆ కాగితం చదివాక రెండు రోజులు నాకు తిండి సయించలేదు.

పెరట్లో భోజనాలు ఆగిపోయాయి. ఆగస్టులో ఇద్దరు మనుషులు మిగతా సీసాల కోసం ప్లాస్టిక్ పెట్టెలతో వచ్చారు. మిరపకాయలు, పుట్టగొడుగులు, ఆలివ్‌లు, ఏవీ ఉంచకూడదట. అత్తయ్య వాళ్ళను చూసి లోపలికెళ్ళి నల్లగౌను తొడుక్కుని, పోగులు పెట్టుకుని వచ్చింది.

"ఇవాళ ఇద్దరేనా?" అంది నా చెవిలో.

"ఇద్దరే అత్తయ్యా."

వాళ్ళు అలమర ఖాళీ చేస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి చూసింది. "మెల్లగా నాయనా, గాజు. అన్నీ కావాలంటున్నారా ఏమిటే?"

పెద్ద మీసాలాయన పని ఆపి నా వైపు చూశాడు. మా పక్క ఊరి మనిషే. ఆయనకూ ఇంట్లో ఒక తల్లి ఉండే ఉంటుంది.

"అన్నీ కావాలంటున్నారు. ఒక్కటీ వదలరట" అన్నాను.

ఆవిడ ముఖం దీపంలా వెలిగింది. వద్దంటున్నా వినకుండా కాఫీ పెట్టి, పళ్ళెంలో మూడు కప్పులు తెచ్చింది. మా దగ్గర ఇంట్లో ఇచ్చిన కాఫీ కాదనడం ఉండదు. మీసాలాయన చెయ్యి కప్పు దాకా వెళ్ళి ఆగింది. రెండో ఆయన బూట్లు చూసుకుంటున్నాడు. పొయ్యి మీద ఏం పోసిందో, ఏం కలిపిందో నేనూ చూడలేదు. ఒక కప్పు తీసుకుని ముందు నేను తాగాను. మొత్తం తాగాను. అది మామూలు కాఫీయే. అప్పుడు వాళ్ళిద్దరూ తాగి, "బాగుందమ్మా" అని పెట్టెలు మోసుకెళ్ళారు.

అత్తయ్య పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"అతిథుల కంటే ముందు నువ్వు తాగావేమే?"

ఆవిడ ఖాళీ అలమర చూసింది. నా చేతిలో కప్పు చూసింది. చాలాకాలం తర్వాత ఆ కళ్ళు ఇప్పటిలోకి, ఈ ఇంట్లోకి, నా ముఖంలోకి తిరిగొచ్చాయి. వాటిలో ఇన్ని వారాలూ నా కళ్ళలో ఉన్న భయమే కనిపించింది.

"నా చేతిది తినడానికి భయపడుతున్నారు కదూ" అంది.

"అత్తయ్యా..."

"అబద్ధమాడకు." పళ్ళెం బల్ల మీద పెట్టింది. చేతులు గౌనుకు తుడుచుకుంది, తడి లేకపోయినా. సాయంత్రం వంట వేళయింది. ఆవిడ పొయ్యి వరకూ వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అంది:

"నేను వండేటప్పుడు ఇక్కడ పక్కనే నిలబడు. ఏమీ మాట్లాడకు. ఊరికే నిలబడు."

వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ ఉప్పు డబ్బా తీసి, మూత తెరిచి, ముందు నాకు చూపించింది.